కొన్న రోజు నుంచి 80 వేల కిలోమీటర్ల దాకా: షోరూముతో, సర్వీస్ సెంటరుతో నా ఆరేళ్లు

2019 దసరాకి కారు తీసుకున్నాను. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రోజూ ఉప్పల్ నుంచి ఆఫీసుకి, నెలకోసారి సూర్యాపేటకి, మొత్తం 80 వేల కిలోమీటర్లు దాటింది. బండికి వంక పెట్టడానికి లేదు, హైవే మీద లీటరుకి 19 దాకా ఇస్తుంది, ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. నన్ను విసిగించింది దాన్ని అమ్మినవాళ్లు, సర్వీసు చేసినవాళ్లు. షోరూము పేరు రాయడం లేదు, ఎందుకంటే తర్వాత చెల్లికి, ఆఫీసులో ఇద్దరికి కార్లు కొనేటప్పుడు నేనే తోడు వెళ్లాను. కంపెనీలు వేరు, షోరూములు వేరు, మాటలు మాత్రం అవే.

ఆ అక్టోబరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 5వ తేదీ నుంచి ఆర్టీసీ సమ్మె, పండక్కి ఊరెళ్లడానికి బస్సుల్లేవు. 8న విజయదశమి, ఆ రోజే బండి ఇంటి ముందుకి రావాలని నాన్న పట్టుదల. నేను చేసిన మొదటి తప్పు, షోరూములో కూర్చున్న ఐదు నిమిషాలకే ఈ సంగతి సేల్స్ అబ్బాయికి చెప్పేయడం. ఇక అక్కడి నుంచి ఏం అడిగినా ఒకటే జవాబు: "దసరాకి డెలివరీ కావాలంటే ఈరోజే బుక్ చేయాలి మేడం, ఈ రంగులో ఒక్కటే ఉంది." నిజానికి ఆ ఏడాది దేశమంతా కార్ల అమ్మకాలు పడిపోయి యార్డుల నిండా బళ్లే. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యం మీద కొత్త ప్రమాణమైన బీఎస్6 బళ్లు మాత్రమే అమ్మాలి కాబట్టి, మిగిలిన పాత ప్రమాణం బీఎస్4 స్టాకు వదిలించుకోవాలని వాళ్లకే మనకంటే ఎక్కువ తొందర. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు. ఇంకోటి, కొనేది నేను, ఈఎంఐ పోయేది నా జీతంలోంచి, కానీ రేటు మాట్లాడేదంతా నాన్నతో. ఇది ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది.

కొటేషన్ ఒక విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాడు. ఆన్‌రోడ్, అంటే అన్ని ఖర్చులూ కలిపి, ఇంత అని కింద ఒక్క అంకె, దాని చుట్టూ సున్నా. విడివిడిగా రాసివ్వమంటే పావుగంట పట్టింది. రాశాక తెలిసింది, ఇన్సూరెన్స్ 39 వేలు, హ్యాండ్లింగ్ చార్జీలు 6 వేలు, బేసిక్ కిట్ అని మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, సీటు కవర్లు కలిపి 14 వేలు, కింద తుప్పు పట్టకుండా కోటింగ్ 9 వేలు. ఇందులో ఒక్కటి కూడా నేను అడగలేదు.

ఇన్సూరెన్స్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. అప్పట్లో 1000 నుంచి 1500 సీసీ కార్లకి ఆ మూడేళ్లకీ కలిపి 9,534 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇది ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా పైసా తేడా ఉండదు, రేటు ప్రభుత్వం తరఫు నుంచే వస్తుంది. తేడా అంతా మన బండికి జరిగే డ్యామేజీకి కట్టే భాగంలో ఉంటుంది. అదే బండి విలువకి, అదే జీరో డెప్‌తో (పార్టులు పాతబడ్డాయని క్లెయిములో కోత పెట్టని పాలసీ) ఆ రాత్రి ఆన్‌లైన్‌లో చూస్తే 27 వేల చిల్లర చూపించింది. అంటే 11 వేలకి పైగా తేడా. మర్నాడు అడిగితే "బయట తీసుకుంటే వారంటీ పోతుంది మేడం, క్యాష్‌లెస్ రాదు" అన్నాడు. రెండూ అబద్ధమే. వారంటీ ఇచ్చేది కారు కంపెనీ, దానికీ పాలసీకీ సంబంధం లేదు. క్యాష్‌లెస్, అంటే మనం ముందు కట్టకుండా రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టడం, వస్తుందా రాదా అన్నది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫలానా పాలసీయే తీసుకోవాలని డీలరు బలవంతం చేయకూడదని ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే డీలర్లకి మార్గదర్శకాలు పెట్టింది. నేను ఆ మాటే చెప్పి, "బయట తీసుకుంటే వారంటీ పోతుందని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి" అన్నాను. మేనేజర్ వచ్చాడు, టీ తెప్పించాడు, 28 వేలకి తనే ఇస్తానన్నాడు. వద్దని బయటే తీసుకున్నాను. హ్యాండ్లింగ్ చార్జీలకి విడిగా రసీదు అడిగితే అదీ కొట్టేశాడు.

బండిని చూడకుండా మిగతా డబ్బు కట్టను అని పట్టుబట్టడం నేను చేసిన మంచి పని. 7వ తేదీ సాయంత్రం ఊరి చివర స్టాక్‌యార్డుకి వెళ్లాం. చీకటి పడుతోంది, ఫోను లైటు వేసుకుని టైరు పక్కన కూర్చున్నాను. టైరు మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అందులో 0419 అని ఉంది. అంటే టైరు తయారైంది 2019 నాలుగో వారంలో, జనవరిలో. మిగతా మూడూ అటూ ఇటూగా అంతే. బానెట్ తీస్తే బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి, వైపర్ కింద ఎండిన ఆకులు. "చాసిస్ నంబర్ ప్రకారం ఏ నెలలో తయారైందో చెప్పండి" అంటే సేల్స్ అబ్బాయి నేల చూపులు చూశాడు. ఫిబ్రవరి బండి. ఎనిమిది నెలలు ఎండలో, వానలో నిలబడిన బండిని కొత్త బండి రేటుకి, పండగ పేరు చెప్పి అంటగట్టబోయారు.

"రేపు ముహూర్తం సార్, ఇంకో బండి రావాలంటే వారం పడుతుంది" అని మళ్లీ నాన్న వైపే తిరిగాడు. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మంచి రోజులు మళ్లీ వస్తాయిలే బాబూ, బండి మార్చు" అన్నారు. నాలుగు రోజులుగా పంచాంగం చేతిలో పెట్టుకుని తిరుగుతున్న మనిషి ఆ మాట అంటారని నేనూ అనుకోలేదు. వారం పడుతుందన్న బండి మూడు రోజుల్లో వచ్చింది, సెప్టెంబరులో తయారైంది. 11న శుక్రవారం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

అమ్మకం ఒక్కసారితో అయిపోతుంది, సర్వీసు మాత్రం ప్రతి ఏడాదీ ఉంటుంది. మొదటి మూడు సర్వీసులకి లేబర్ ఫ్రీ, ఆయిలు, ఫిల్టర్ల డబ్బులు మనవే. అక్కడిదాకా బాగానే నడిచింది. 20 వేల కిలోమీటర్ల సర్వీసుకి పొద్దున బండి ఇచ్చి ఆఫీసుకి వెళ్లాను. సరిగ్గా మీటింగులో ఉండగా ఫోను: "మేడం, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, ఇంజిన్ ఫ్లష్ చేయాలి, ఓకే చేస్తారా?" మొత్తం 11,400. ఇంజిన్ ఫ్లష్ ఎందుకు అంటే "సార్‌కి ఫోన్ ఇస్తారా మేడం, చెప్తాను" అన్నాడు. ఏ సార్‌కి ఇవ్వాలి? సాయంత్రం వచ్చి మాట్లాడతాను, అప్పటిదాకా జాబ్ కార్డులో (బండి ఇచ్చేటప్పుడు చేయాల్సిన పనులు రాసే కాగితం) ఉన్నవి తప్ప ఏమీ చేయొద్దని మెసేజ్ పెట్టాను. ఫోనులో మాట కాకుండా మెసేజ్ పెట్టడం ముఖ్యం, తర్వాత బిల్లు దగ్గర అదే మనకి సాక్ష్యం.

వెళ్లి ఓనర్స్ మాన్యువల్‌లో సర్వీసు పట్టిక తీసి కౌంటరు మీద పెట్టాను. 20 వేలకి ఏం మార్చాలో, ఏం చూడాలో అందులో గడులు గీసి ఉంటుంది. వాళ్లు చెప్పిన నాలుగింటిలో ఒక్కటీ ఆ పట్టికలో లేదు. బిల్లు 4,600 అయింది. ఏసీలోంచి వాసన వస్తుంటే డిసిన్‌ఫెక్షన్ చేయించుకోవచ్చు, ఇంజిన్ ఆగి ఆగి నడుస్తుంటే థ్రాటిల్ క్లీనింగ్ పనికొస్తుంది, వాటిని మొత్తంగా మోసం అనను. బాగున్న బండికి ప్రతి సర్వీసుకీ చేయించమనడమే తప్పు.

40 వేల సర్వీసు ముందు ఒక పని చేశాను. ముందు ఎడమ టైరు మీద, గాలి కొట్టే చోటికి దగ్గరగా, నెయిల్ పాలిష్‌తో చిన్న ఎర్ర చుక్క పెట్టాను. సాయంత్రం బిల్లులో టైర్ రొటేషన్ (చక్రాలని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం), బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నిటికీ డబ్బులు వేశారు. చుక్క మాత్రం ముందు ఎడమ చక్రం మీదే ఉంది. నేను అరవలేదు. సర్వీస్ మేనేజర్‌ని బయటికి పిలిచి చక్రం దగ్గర కూర్చోబెట్టి చూపించాను. డబ్బులు వెనక్కి ఇస్తామన్నారు. పని చేయండి, డబ్బు తీసుకోండి, నా కళ్ల ముందు చేయండి అన్నాను. నలభై నిమిషాలు పట్టింది. నా ముందు ఎన్ని వందల మంది చేయని పనికి డబ్బు కట్టి వెళ్లి ఉంటారో అని ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన.

2022లో నాగోల్ దగ్గర వెనక నుంచి ఆటో తగిలి బంపరు, డిక్కీ తలుపు సొట్టపోయాయి. బయటి పాలసీ కదా, "రీయింబర్స్‌మెంట్ మాత్రమే మేడం, ముందు మీరు కట్టుకోవాలి" అన్నారు. అక్కడే నిలబడి ఇన్సూరెన్స్ కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తే, అదే వర్క్‌షాపు వాళ్ల క్యాష్‌లెస్ జాబితాలో ఉంది. సర్వేయర్ వచ్చి చూశాడు, నా జేబులోంచి పోయింది తప్పనిసరి వాటా 1,000, ఇంకొన్ని చిల్లర ఖర్చులు.

వాళ్లు అమ్మేవన్నీ వద్దనే మనిషిని కాదు నేను. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాను, అది కారు కంపెనీ ఇచ్చేదేనా అని కాగితం చూసి మరీ తీసుకున్నాను. నాలుగో ఏడు ఎండాకాలంలో ఏసీ కంప్రెసర్ పోయింది. నా చేతి నుంచి ఒక్క రూపాయి పడలేదు. వారంటీ ఉన్నంతకాలం సర్వీసులన్నీ కంపెనీ సెంటర్లోనే చేయించాను, గొడవ పెట్టుకునే అవకాశం ఎందుకివ్వాలని. కానీ "బయట స్క్రూ తిప్పినా వారంటీ పోయినట్టే" అని భయపెడితే నమ్మక్కర్లేదు. 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీని అడ్డుకునే కంపెనీల మీద చర్య తీసుకునే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకి పైగా జరిమానా వేసింది, స్పేర్‌పార్టులు బయట దొరకనివ్వడం లేదని. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టొద్దనీ అందులోనే చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీలుకి వెళ్లాయనుకోండి.

ఆఫీసులో ఒకాయన 10 లక్షలు దాటిన కారు కొన్నప్పుడు టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) అని ఒక శాతం వేశారు. అది పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఆ మాట షోరూములో ఎవరూ చెప్పలేదు, ఆయన కొట్టేయించమని గంటసేపు పోట్లాడాడు పాపం. చెల్లికైతే బుకింగ్ డబ్బు వెనక్కివ్వడానికి నెలన్నర తిప్పారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక పది రోజుల్లో ఖాతాలో పడింది.

ఆ అబ్బాయిల మీద నాకు కోపం లేదు. డెలివరీ ఇచ్చినప్పుడు, సర్వీసు అయినప్పుడు "కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది మేడం, పదికి పది ఇవ్వండి, తగ్గితే నా ఇన్సెంటివ్ కట్" అని బతిమాలతారు. ఇన్ని కోటింగులు, ఇన్ని ఫ్లష్‌లు అమ్మాలని నెల నెలా వాళ్ల నెత్తిన టార్గెట్ పెట్టేవాళ్లు మనకి కనపడరు. కానీ పది ఇచ్చేస్తే అక్కడ అంతా బాగుందని లెక్కలోకి పోతుంది. నేను ఉన్నదున్నట్టు చెప్తాను, తప్పు ఆ అబ్బాయిది కాదని కూడా చెప్తాను.

మొన్న 80 వేల సర్వీసుకి వెళ్లాను. ఇప్పుడక్కడ కొత్తగా ఒక అమ్మాయి అడ్వైజర్. మాన్యువల్ నేను తీయకముందే తన ట్యాబ్‌లో అదే పట్టిక తెరిచి, ఏమేం మారుస్తారో ఒక్కొక్కటీ చదివింది. బ్రేక్ ప్యాడ్లు అరిగాయంటే చూపించమన్నాను, చక్రం విప్పించి చూపించింది, నిజంగానే అరిగాయి, మార్పించాను. బిల్లు కట్టి బయటికి వస్తుంటే వెనకే వచ్చి, "పాత ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్ పేపర్లో చుట్టి డిక్కీలో పెట్టించానక్కా, చూసుకోండి" అంది. ఆ రోజు ఫోన్ వస్తే పదికి పది ఇచ్చాను.