బెంగళూరులో సమ్మర్ ఇంటర్న్‌షిప్: పని బంగారం, నిర్వహణ అంతంతమాత్రం
ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతూ ఈ వేసవిలో ఇక్కడ ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. చెత్త ఏరుకునేవాళ్ల, ఇళ్లలో పనిచేసేవాళ్ల పేర్లు ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో, ఎక్కించడం మా పని. 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులకు 12 అంకెల నంబరు వస్తుంది. వినడానికి తేలికే. కానీ ఓటీపీ ఆధార్‌కి లింకై ఉన్న, ఎప్పుడో పారేసిన సిమ్‌కి వెళ్తుంటే, ముందు ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి, క్యూలో నిలబడి, వేలిముద్ర వేయించి ఫోన్ నంబరు మార్పించేవాళ్లం, అంటే ఆ మనిషికి ఆ పూట కూలి పోయినట్టే. ఇది ఏ క్లాసులోనూ చెప్పరు.

బస్తీలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. "ఏ ఊరు పాపా?" అని ఒకావిడ అడిగితే "అనంతపురం దగ్గరక్కా" అన్నాను, అంతే, చాప వేసి కూర్చోబెట్టి కాగితాలన్నీ ఉన్న ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టేసింది. అంత నమ్మకం చూస్తే భయమేసింది నిజంగా.

సంస్థ సంగతికొస్తే, బస్సు ఖర్చులు ఇస్తామని చివరిదాకా ఇవ్వలేదు, ఫీల్డ్‌లో సూపర్‌వైజర్ కనపడడు. చాలా తప్పు. చేరేవాళ్లు స్టైపెండ్, పనిగంటలు, సర్టిఫికెట్ గురించి ముందే మెయిల్‌లో రాయించుకోండి. కొంచెం కన్నడ నేర్చుకుని రండి, ఆఫీసుల్లో తెలుగు ఒక్కటే సరిపోదు.