పసిబిడ్డకు ఖరీదైన సూది, అవ్వకు అసలు సూదే లేదు: టీకా ఎక్కడ వేయించుకుంటే మేలు?

తిరుపతిలో పసిబిడ్డను ఎత్తుకుని క్లినిక్‌కు వచ్చే తల్లిదండ్రులు టీకాల మాట రాగానే మొదట అడిగేది ఒకటే. "నొప్పి లేనిది, జ్వరం రానిది ఉందట కదా డాక్టరు గారూ, అది వేయండి. ఖర్చు సంగతి మేము చూసుకుంటాం." ఉచితంగా వేసేది తక్కువ రకమనీ, వేలు పోసి కొన్నది మేలు రకమనీ ఆ మాట వెనుక ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం చాలావరకు తప్పు. చంద్రగిరి వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ టీకాలు వేశాను, ఇప్పుడు పట్నంలో ప్రైవేటుగానూ వేస్తున్నాను కనుక ముందే తేల్చి చెబుతాను. బిడ్డకు వేయాల్సిన ప్రాథమిక టీకాలకు ప్రభుత్వ కేంద్రమే మేలు. అలా మిగిలిన డబ్బును సర్కారు ఇవ్వని టీకాలకు, అందులోనూ ఇంట్లో పెద్దవాళ్లకు వేయాల్సిన వాటికి ఖర్చు పెట్టండి.

ఉచితంగా ఏమేం వస్తాయో చాలామందికి పూర్తిగా తెలియదు. పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల లోపు హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్. ఈ ఒక్క సూదిలోనే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (మెదడుపొరల వాపు, న్యుమోనియా తెచ్చే క్రిమి) అనే అయిదింటికీ రక్షణ ఉంది. దానితో పాటు పోలియో చుక్కలు, చర్మంలోకి వేసే పోలియో సూది, విరేచనాలు రాకుండా రోటావైరస్ చుక్కలు, నిమ్ము (న్యుమోనియా) రాకుండా పీసీవీ ఇస్తారు. తొమ్మిదో నెల నిండాక తట్టు, రుబెల్లా టీకా, ఆపైన బూస్టర్లు. రోటావైరస్ చుక్కలను 2016లో దేశంలో మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదులో తయారైన ఆ టీకాను పసిబిడ్డల్లో పరీక్షించిన కేంద్రాల్లో చిత్తూరు వాళ్లు ఏ పెద్ద జబ్బు వచ్చినా పరుగెత్తే వేలూరు కూడా ఉంది. పీసీవీ ఒకప్పుడు డబ్బున్నవాళ్ల బిడ్డలకే అందేది. 2021 నుంచి దేశమంతటా ఉచితం. అయినా దాన్ని డోసుకు వేల రూపాయలిచ్చి కొంటున్న కుటుంబాలను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ డబ్బు వేస్టు.

ఇక "నొప్పి లేని సూది" సంగతి. పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు క్రిమిని చంపి, మొత్తంగా వాడతారు. అందుకే ఆ రాత్రి బిడ్డకు జ్వరం రావచ్చు, తొడ వాచి ఎర్రబడవచ్చు. ప్రైవేటులో నొప్పి లేనిదిగా పేరు పడిన టీకాలో ఆ క్రిమి నుంచి తీసిన కొన్ని ప్రోటీన్లే ఉంటాయి. జ్వరం, నొప్పి నిజంగానే తక్కువ. కానీ అది ఇచ్చే రక్షణ త్వరగా కరిగిపోతుంది. అమెరికా 1990లలో పూర్తిగా ఈ రెండో రకానికి మారింది. 2012లో అక్కడ 48 వేలకు పైగా కోరింత దగ్గు కేసులు నమోదయ్యాయి. టీకాలు వేయించుకున్న బడిపిల్లల్లో కూడా దగ్గు కనిపించడానికి ఆ రక్షణ త్వరగా తరిగిపోవడం ఒక ముఖ్య కారణం. మన దేశపు శిశువైద్యుల సంఘం కూడా 2013లో మొదటి మూడు డోసులకు పాత రకాన్నే మేలుగా చెప్పింది. ఒక్క రాత్రి జ్వరానికి భయపడి ఏళ్ల తరబడి ఉండే రక్షణను తగ్గించుకోవడం నాకు సమ్మతం కాదు. బిడ్డ బరువును బట్టి పారాసిటమాల్ చుక్కలు వేస్తే ఆ రాత్రి గడిచిపోతుంది. సూది పడిన చోట కాపడం పెట్టకండి, రుద్దకండి, ఏ పసరూ పూయకండి. మూడు గంటలు ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి రండి. నరాల జబ్బు ముదురుతున్న బిడ్డల వంటి కొందరి విషయంలో రెండో రకం వాడాల్సి రావచ్చు. ఆ నిర్ణయం శిశువైద్యుడిది.

టీకా మందు బాగుందా లేదా అన్నది కొన్న ధరలో తెలియదు. అది చల్లగా నిలిచిందా లేదా అన్నదాంట్లో తెలుస్తుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలినా పాడవుతుంది, పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటివి గడ్డకట్టినా పాడవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అలాంటి రోజుల్లో మందుల దుకాణంలో టీకా కొని, ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని ఆటోలో వచ్చేవాళ్లున్నారు. ఆ సీసా ఐసుకు ఆనుకుని గడ్డకట్టి ఉంటే అందులో ఏమీ మిగలదు, చూస్తే తెలియదు కూడా.

ప్రభుత్వ సీసా మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఊదారంగు వలయం, దాని మధ్యలో తెల్లని చదరం. వేడి తగిలే కొద్దీ లోపలి చదరం నల్లబడుతూ పోతుంది. చదరం చుట్టూ ఉన్న వలయం కన్నా తేలిక రంగులో ఉంటే వాడవచ్చు, రెండూ ఒకే రంగుకు వస్తే పారేయాల్సిందే. ఈసారి కేంద్రానికి వెళ్లినప్పుడు "ఆ గుర్తు చూపించమ్మా" అని ఏఎన్‌ఎంను అడగండి. అడిగే హక్కు మీకు ఉంది. అడిగితే నొచ్చుకునే ఏఎన్‌ఎం నాకు తారసపడలేదు. ప్రైవేటులో చాలా సీసాల మీద ఈ గుర్తు కనబడదు. అందుకని అక్కడ వేరే ప్రశ్నలు వేయాలి. టీకాలకు విడిగా ఫ్రిజ్ ఉందా? దాంట్లో థర్మామీటరు ఉందా? కరెంటు పోతే ఏం చేస్తారు? పాలప్యాకెట్లు, నీళ్ల సీసాలు పెట్టుకునే ఫ్రిజ్‌లోనే టీకాలూ ఉంటే ఆ క్లినిక్ వద్దు.

"మూత తీసిన సీసాలోంచి మా బిడ్డకు వేశారు" అన్న ఫిర్యాదు కూడా వింటుంటాను. పెంటావాలెంట్, పీసీవీ, హెపటైటిస్-బి వంటి ద్రవరూప టీకాలను సరిగ్గా చల్లగా ఉంచితే, తెరిచిన రోజు నుంచి 28 రోజుల వరకు వాడవచ్చని నియమమే ఉంది. బీసీజీ, తట్టు టీకాలు పొడి రూపంలో వస్తాయి. వాటిని కలిపిన నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. సీసా మీద తెరిచిన తేదీ, సమయం రాసి ఉంటే నిశ్చింతగా ఉండండి.

ప్రైవేటుకు ఉన్న లాభాలను కాదనను. ప్రభుత్వ కేంద్రంలో టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లోనే ఉంటాయి. లాడ్జీల్లో, దుకాణాల్లో రోజు కూలికి పనిచేసే తల్లికి ఆ పూట కూలి పోతుంది. సాయంత్రం తీరిగ్గా కూర్చుని సందేహాలు అడిగే వీలు క్లినిక్‌లోనే ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, సర్కారు జాబితాలో లేని కొన్ని టీకాలు అక్కడే దొరుకుతాయి. వాటిలో నా మొదటి ఓటు టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు. ఆరో నెల నుంచే ఒక డోసు వేయవచ్చు. బయటి తిండి, ట్యాంకరు నీళ్లు తప్పని ఊరు మనది. తట్టు, రుబెల్లాతో పాటు గవదబిళ్ళలకు కూడా పనికొచ్చే ఎంఎంఆర్ తర్వాతి స్థానంలో ఉంటుంది. తొమ్మిదో నెలలో ఉచిత టీకా వేయించి, పదిహేనో నెలలో ఎంఎంఆర్ కొనుక్కోవచ్చు. ఆటలమ్మ, హెపటైటిస్-ఎ టీకాలు స్తోమత ఉంటే. ఆడపిల్లకు తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య హెచ్‌పీవీ తప్పనిసరిగా వేయించండి. అది అడ్డుకునే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రెండో స్థానంలో ఉంది. దీన్ని కొనే ముందు మీ ప్రాంతంలో ఉచితంగా ఇస్తున్నారేమో ఏఎన్‌ఎంను అడగండి.

రెండు చోట్లా వేయించినా రాసే కార్డు ఒక్కటే ఉండాలి. తల్లీబిడ్డల కార్డును క్లినిక్‌కు కూడా తీసుకురండి. ఒక డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే చాలు. చిన్న జలుబుకు టీకా వాయిదా వేయకండి.

కుక్క కరిచినప్పుడు మాత్రం ఏ వయసు వారికైనా నేను ఆలోచించకుండా ప్రభుత్వ ఆసుపత్రికే పంపుతాను. ముందు సబ్బు పెట్టి, కారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. ప్రైవేటులో సాధారణంగా కండలోకి అయిదు సూదులు వేస్తారు. అవి 0, 3, 7, 14, 28 రోజుల్లో. ప్రభుత్వ ఆసుపత్రిలో రెండు చేతులకూ చర్మంలోకి కొద్దికొద్దిగా వేస్తారు. అవి 0, 3, 7, 28 రోజుల్లో. సరిగ్గా పడితే చర్మం మీద మినపగింజంత బొబ్బ లేస్తుంది. మందు తక్కువ వాడారు కాబట్టి పని కూడా తక్కువే చేస్తుందని అనుకోకండి, రెండు పద్ధతులూ సమానంగా కాపాడతాయి. ఇంకొక పెద్ద తేడా ఉంది. రక్తం కారిన కాటుకు టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. చిన్న క్లినిక్‌లలో అది ఉండదు, బయట కొనాలంటే చాలా ఖరీదు. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రికి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే "పెంచిన కుక్కే కదా" అని రెండు రోజులు ఆగి చూడడం నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించే మాట.

గర్భిణికి ధనుర్వాతం, కంఠసర్పి కలిసిన టీడీ టీకా ఉచితం. అది చాలు. స్తోమత ఉంటే 27 నుంచి 36 వారాల మధ్య టీడాప్ (కోరింత దగ్గు టీకా కూడా కలిసినది) వేయించుకుంటే, మొదటి డోసు పడేలోగా బిడ్డకు కోరింత దగ్గు నుంచి తల్లి ద్వారానే రక్షణ వెళుతుంది. నొప్పి లేని సూదికి పెట్టే డబ్బు ఇక్కడ పెడితే ఎంతో బాగుంటుంది.

ఇప్పుడు అవ్వల సంగతి. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని క్లినిక్‌కు వచ్చేది తరచుగా అవ్వే. అరవై దాటి ఉంటుంది, పదేళ్లుగా షుగరు ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం. ఆమెకు ఏ టీకా వేశారని అడిగితే ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బిడ్డకు నిమ్ము తెచ్చే న్యుమోకోకస్ క్రిమే అవ్వకూ నిమ్ము తెస్తుంది. బిడ్డకు ప్రభుత్వం ఆ టీకా ఇస్తోంది, అవ్వకు ఇవ్వడం లేదు. అక్కడే మీ డబ్బు అవసరం. అరవై అయిదు దాటినవాళ్లకు, అంతకన్నా చిన్న వయసైనా షుగరు, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు న్యుమోకోకల్ టీకా వేయించాలి. ఏ రకం, ఎన్ని డోసులన్నది డాక్టరు చెబుతారు. ఫ్లూ టీకా ఏటా వేయించాలి. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి పోయిన ఏడాది వేసింది ఈ ఏడాదికి సరిపోదు. దేశం నలుమూలల నుంచి రోజూ వేల మంది వచ్చిపోయే ఊళ్లో, ఆ జనం మధ్య దుకాణం నడిపే కొడుకు ఇంటికి ఏ జ్వరం తెస్తాడో చెప్పలేం. మన వైపు అసలు వానలు అక్టోబరులో మొదలవుతాయి, సెప్టెంబరు లోపు వేయించండి. యాభై దాటినవాళ్లకు సర్పి (షింగిల్స్, ఒంటికి ఒక పక్క మంటతో లేచే పొక్కులు) టీకా రెండు డోసులు మంచిదే. కానీ ధర బాగా ఎక్కువ, పై రెండూ అయ్యాకే దాని గురించి ఆలోచించండి.

బిడ్డ టీకా కోసం వచ్చిన రోజే అవ్వ షుగరు చీటీ కూడా వెంట తెచ్చుకోండి. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాలు రెండూ ఒకే రోజు, చెరొక చేతికి వేయవచ్చు.