కోఠిలో మెగా8ఏ చిప్‌లు కొనేవాళ్లు జాగ్రత్త: చిప్ మీద రాసింది నమ్మొద్దు

గుజరాతీ గల్లీలో ఏవీఆర్ చిప్‌లు (మన కోడ్ ఎక్కించుకునే మైక్రోకంట్రోలర్లు) చవగ్గా ఇచ్చే షాపు ఏదో మీకు చెప్పక్కర్లేదు. ఏటీమెగా8ఏ, 28 కాళ్ల డిప్ (బోర్డు రంధ్రాల్లో గుచ్చే రకం), 20 చిప్‌లు, ఒక్కోటి 90 రూపాయలు. ఆ ధర విన్నప్పుడే అనుమానం రావాల్సింది. బుర్ర ఉంటేగా.

అవి మెగా48లు, అదే కుటుంబంలో చిన్న చిప్. పైన గీకేసి కొత్త పేరు అచ్చు కొట్టారు. కాళ్ల అమరిక ఒకటే కాబట్టి బోర్డులో బుద్ధిగా కూర్చుంటాయి. చిప్‌లోకి కోడ్ ఎక్కించే ఏవీఆర్‌డ్యూడ్ ప్రోగ్రాం మొదటి చిప్‌కే సిగ్నేచర్ (చిప్ లోపల ఉండే రకం గుర్తింపు సంఖ్య) కలవట్లేదని అరిచి ఆగాలి. మేక్‌ఫైల్‌లో (ఆ ఆదేశాలు రాసుకునే ఫైల్) ‘తేడా ఉన్నా కానిచ్చెయ్’ అనే ‘-ఎఫ్’ (పెద్ద అక్షరం) పెట్టుకుని దాని నోరు నొక్కిన ఘనత నాదే. నేను చేస్తున్న కీబోర్డుకి వీ-యూఎస్‌బీ (యూఎస్‌బీని సాఫ్ట్‌వేర్‌తోనే నడిపే లైబ్రరీ) కోడ్ 2 కేబీనే, మెగా48లో ఉన్న 4 కేబీల్లో హాయిగా పట్టింది, వెరిఫై కూడా పాసైంది!

కానీ రిజిస్టర్లు వేరు, ఇంటరప్ట్ వెక్టర్లు వేరు. అసలు దెబ్బ హై ఫ్యూజ్‌ది (చిప్ సెట్టింగులు ఉండే బైటు). క్రిస్టల్ కోసం మెగా8కి రాసే సీ9లో సీకేఓపీటీ (క్రిస్టల్ సెట్టింగు) ఉన్న బిట్, మెగా48లో వాచ్‌డాగ్‌ని (కోడ్ ఇరుక్కుంటే చిప్‌ని రీసెట్ చేసే టైమర్) ఎప్పుడూ ఆన్‌లో ఉంచే బిట్. చిప్ 16 మిల్లీసెకన్లకోసారి రీసెట్. లినక్స్ లాగ్‌లో ‘ఎర్రర్ -71’, అంటే యూఎస్‌బీ సంభాషణ కుదరలేదని. యూఎస్‌బీ తీగల మీద వోల్టేజీని అదుపు చేసే జీనర్ డయోడ్లు ఒక వాట్‌వి వాడితే కెపాసిటెన్స్ ఎక్కువై అదే ఎర్రర్ వస్తుంది కదా అని అరవాట్ 3.6 వోల్ట్ జీనర్లన్నీ పీకి మళ్లీ వేశాను. 68 ఓముల రెసిస్టర్లు కూడా. రెండు రోజులు.

లాప్‌టాప్ పట్టుకెళ్లి చూపిస్తే కౌంటర్ వెనకాయన తల కూడా ఎత్తలేదు. "సిగ్నేచర్ గిగ్నేచర్ మాకు తెల్వదు. పైన మెగా8 అని రాసి ఉందా లేదా?" దూదిమీద అసిటోన్ వేసి అక్కడే ఆయన ముందు రుద్దాను. అక్షరాలు దూదికొచ్చాయి, కింద గీతలు గీతలుగా గీకిన నల్లటి ప్లాస్టిక్. అప్పుడు తల ఎత్తాడు. "రాత చెరిపేసినవ్ గదా అన్నా, ఇప్పుడు వాపస్ ఎట్ల తీసుకోవాలె?"

ఏం తెలివి!

కొనేముందు ఒక్క చిప్‌ని యూఎస్‌బీఏఎస్‌పీకి (చిప్‌ని కంప్యూటర్‌కి కలిపే ప్రోగ్రామర్) తగిలించి, ఏవీఆర్‌డ్యూడ్‌తో ‘-ఎఫ్’ లేకుండా సిగ్నేచర్ చదవండి. కొత్త చిప్ 1 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, అందుకని నెమ్మదిగా చదవడానికి ‘-బీ 10’ (పెద్ద అక్షరం బీ) ఇవ్వండి, లేదంటే యూఎస్‌బీఏఎస్‌పీ మీద స్లో క్లాక్ జంపర్ పెట్టండి. 00 00 00 గానీ, చదివినప్పుడల్లా మారే అంకెలు గానీ వస్తే తప్పు వైర్లదో క్లాక్‌దో. మెగా8ఏ అయితే 1ఈ 93 07. ఎన్నిసార్లు చదివినా 1ఈ 92 05 అంటే అది మెగా48, లేచి వచ్చేయండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఏవీఆర్‌డ్యూడ్‌కి ‘-పీ ఎం48’ (చిన్న అక్షరాలు) పెట్టి హై ఫ్యూజ్ డీఎఫ్, లో ఫ్యూజ్ ఎఫ్ఎఫ్ రాయండి, కోడ్‌ని ఏటీమెగా48కే మళ్లీ కంపైల్ చేయండి. కీబోర్డు పనిచేస్తుంది. 90కి మెగా48 దొరికిందనుకోండి, ఇంకేం చేస్తాం.