మట్టి మనుషులు, రాతి మనుషులు: గ్రీసులో అయిదు రోజులు

అక్టోబరులో అక్కా నేనూ గ్రీసు వెళ్లొచ్చాం. దీవుల జోలికి పోలేదు. మనిషి ఎలా పుట్టాడు, కష్టాలు ఎక్కడినుంచి వచ్చాయి అని గ్రీకులు చెప్పుకున్న కథల చోట్లే చూడాలనుకున్నాం. నాన్న పోయినప్పటి నుంచి నేను చదువుతున్నవి ఆ కథలే.

ఏథెన్స్‌లో ఒమోనియా దగ్గర చవగ్గా దొరికిందని ఒక హోటల్లో దిగాం. రెండు రాత్రులూ రోడ్డు మోతకి నిద్ర లేదు. కాస్త ఖర్చయినా అక్రోపోలిస్‌కి దక్షిణాన కూకాకీలో తీసుకోండి. ఒమోనియాలో ఉన్నందుకు జాతీయ పురావస్తు మ్యూజియం మాత్రం దగ్గరైంది.

అక్కడ పాతకాలపు మట్టి బానల ముందు చాలాసేపు నిలబడిపోయాను. గ్రీకు కథల్లో మొదటి ఆడమనిషి పండోరా మూత తీయగానే కష్టాలన్నీ లోకంలోకి వచ్చాయట. మనం 'పండోరా పెట్టె' అంటాం కానీ, ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ చెప్పింది పీథోస్, అంటే ధాన్యమో నూనో దాచుకునే పెద్ద బాన. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లో రాస్తూ దాన్ని చిన్న పెట్టె చేశాడు. బాన అనుకుంటే కథ ఇంకా గుచ్చుకుంటుంది. ఇంటిల్లిపాదికీ తిండి దాచే పాత్రలోంచే బాధలన్నీ బయటపడ్డాయి, ఆశ ఒక్కటే అంచు కింద ఆగిపోయింది. దేవతల రాజు జ్యూస్ రోగాలకు గొంతు లేకుండా చేశాడు కాబట్టి అవి చప్పుడు లేకుండా వస్తాయట. నాన్న కూడా రిపోర్టు చేతికొచ్చే దాకా "కాస్త నీరసం, అంతే" అంటూనే ఉన్నారు.

ఒలింపియన్ జ్యూస్ ఆలయానికి గంట చాలు. 104 స్తంభాల్లో 15 నిలిచి ఉన్నాయి. 1852లో గాలివానకు పడిపోయిన ఒకటి, చక్రాలుగా తరిగిన అరటికాయలా నేలమీద పరుచుకుని ఉంది. గ్రీకు కథల్లో మనుషుల్ని ముంచేసిన ప్రళయం నీళ్లు ఈ ఆవరణలోని పగుల్లోకే ఇంకాయని, జనం ఏటా అందులో తేనె కలిపిన గోధుమపిండి వేసేవారని 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు.

పాతకాలంలో దేవవాణి చెప్పే గుడి ఉన్న డెల్ఫీకి బస్సులో మూడు గంటలు. మేం దారిలో పానోపియస్ అనే పాత ఊరు చూడాలని కారు తీసుకున్నాం. కౌంటర్లో ఆఖరి నిమిషంలో అదనపు ఇన్సూరెన్స్ అంటగట్టారు, కాబట్టి బుక్ చేసేటప్పుడే అన్నీ అడగండి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ బయల్దేరే ముందే మన దేశంలో తీయించుకోండి. ప్రొమీథియస్ అనే దేవుడు మనిషిని చేయగా మిగిలిన మట్టి పానోపియస్‌లో రాళ్లయిందని, వాటికి మనిషి ఒంటి వాసన ఉంటుందని పౌసానియస్ మాట. కొండమీద పాత కోటగోడలు తప్ప చూపించేవాళ్లు లేరు, బోర్డూ లేదు. అక్క ఒక రాయి దగ్గర వంగి వాసన చూసి, "ఎండకి కాగిన మట్టి వాసనేరా" అంది. కథ మీద ఇష్టం ఉంటేనే వెళ్లండి.

డెల్ఫీలో ఒక రాత్రి అనుకుని రెండు రాత్రులు ఉన్నాం. ఊరు చిన్నది, గదులు శుభ్రం, శిథిలాల దాకా నడిచి వెళ్లొచ్చు. శాకాహారులకు టమాటాలో వండిన పెద్ద చిక్కుడు గింజలు, అన్నం కూరిన మిరపకాయలు దొరుకుతాయి. వెనకాల 2,457 మీటర్ల పర్నాసస్. ఆ ప్రళయంలో మిగిలిన భార్యాభర్తలు డ్యూకాలియన్, పిర్రాల ఓడ తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు తేలి ఆగింది ఆ కొండ మీదే. మన మనువు పడవ కూడా ఉత్తరాన కొండ దగ్గరే ఆగింది. అమ్మ ఎముకలు వెనక్కి విసరమని దేవవాణి చెబితే, భూమి అమ్మ, రాళ్లు ఎముకలు అనుకుని విసిరారు. ఆ రాళ్లే మనుషులయ్యాయి. గ్రీకులో రాయి లాస్, జనం లావోస్.

రెండో రోజు తెల్లారి బాల్కనీలో కూర్చుంటే కింద లోయంతా ఆలివ్ తోటలు, దూరంగా సముద్రం. "అన్నీ పోయాక ఆ ఇద్దరూ రాళ్లు ఏరడానికి వంగారు చూడు" అంది అక్క. నాన్న పోయాక తను ఆయన గురించి మాట్లాడింది ఆ పూటే.