నీరు పారిన దారిలో: గోదావరి డెల్టా సేద్య చరిత్ర కోసం మూడు రోజులు

గోదావరి డెల్టాలో సేద్యం పెరిగిన తీరు తెలుసుకోవాలంటే నీరు పారే దారినే పట్టుకొని ధవళేశ్వరం నుంచి కిందికి ప్రయాణించాలని, నవంబరులో మూడు రోజులు తిరిగాక నాకు గట్టిగా అనిపించింది. వేసవిలో వెళ్లకండి, అప్పుడు కాలువలకు నీరు ఆపేస్తారు.

ధవళేశ్వరంలో ముందు, ఇక్కడ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం, తరువాత బ్యారేజీ చూడడం మంచిది. 1832-33 నాటి కరువులో జనం ఆకలితో చనిపోతుంటే పక్కనే గోదావరి నిండుగా సముద్రంలో కలిసిపోయేదన్న సంగతి మనసులో ఉంటే, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ నేలకు ఏమి చేసిందో అక్కడి నమూనాలు, ఛాయాచిత్రాల ముందు నిలబడినప్పుడు అర్థమవుతుంది. కూలీలను కూడగట్టి పనులు నడిపించిన వీణెం వీరన్నను కాటన్‌తో సమానంగా తలుచుకోవాలి. ఇప్పటి బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. నేను మాట్లాడుకున్న కారు డ్రైవరు ఒక్క భాగం చూపించి వెనక్కి తిప్పాడు. బేరమాడేటప్పుడే నాలుగూ దాటి విజ్జేశ్వరం వరకు వెళ్లాలని చెప్పండి.

మొదటి రాత్రి రాజమహేంద్రవరంలో ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది, బస్సులకూ దగ్గరే, కానీ ఈ యాత్రకు పట్నంలో బస వృథా. మిగిలిన రెండు రాత్రులు కోనసీమలో కొబ్బరితోట మధ్య ఒక రైతు ఇంట్లో ఉన్నాను. వేడినీళ్లకు కట్టెల పొయ్యి, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, అయినా మళ్లీ వెళితే నేరుగా అక్కడికే వెళతాను.

పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన పాత అక్విడక్టు నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టింది. నది మీద నది పారినట్టుండే ఆ 49 ఖానాల కట్టడం 1850లలోనే అవతలి నగరం లంకకు సాగునీరు అందించింది. పక్కనే 2000లో ప్రారంభమైన కొత్త అక్విడక్టుకు, ఆకలితో వచ్చినవారికి జీవితమంతా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టడం ఎంతో సముచితం.

మార్టేరు వరి పరిశోధనా కేంద్రం పర్యాటక స్థలం కాదు కనుక ముందుగా అడిగి వెళ్లాలి. 1925లో మొదలైన ఆ కేంద్రమే 1982లో స్వర్ణ, తరువాత కాటన్ దొర సన్నాలు అనే వరి వంగడాలను రైతులకిచ్చింది.

ఆఖరి సాయంత్రం మా ఆతిథేయి తన చేను గట్టు మీదికి తీసుకెళ్లి, పూడిపోయిన మురుగు కాలువ చూపించారు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించడానికి పెట్టుబడి, గిట్టుబాటు ధరలతోపాటు ఈ మురుగు కూడా కారణమేనని, "నీళ్లు రావడానికి మాకు ఇబ్బంది లేదండీ, పోవడానికే దారి లేదు" అని అన్నారు. ఏ టూరు ప్యాకేజీలోనూ ఆ కాలువ ఉండదు. మీరు దిగిన ఇంటివారిని అడిగి తప్పక చూడండి.