పెంబర్తిలో పాత గ్రామఫోను బాకాకు మరమ్మతు

హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్ళే రహదారి మీద, జనగామ దగ్గర ఉన్న పెంబర్తి ఇత్తడి రేకు పనికి ప్రసిద్ధి చెందిన ఊరు. గుడి తలుపుల తొడుగులు, విగ్రహాల కవచాలు, జ్ఞాపికలు చేసే అక్కడి పనివారిలో ఒక కుటుంబం నడుపుతున్న చిన్న కార్ఖానాలో మా ఇంటి పాత గ్రామఫోను ఇత్తడి బాకాను బాగుచేయించాను. గ్రామఫోను స్ప్రింగు, వేగాన్ని అదుపు చేసే గవర్నరు, సూది కదలికను చప్పుడుగా మార్చే సౌండుబాక్సు చూసే మెకానిక్కులు నగరాల్లో వెదికితే దొరుకుతారు గాని, బాకాను ముట్టుకోవలసిన తీరు తెలిసినవారు దొరకడం కష్టం. అందుకే ఈ అనుభవాన్ని కొంత వివరంగా రాస్తున్నాను.

బాకా మూతి దగ్గర పెద్ద సొట్ట ఉంది. లోపల తీగ పెట్టి మడిచిన అంచు ఒకచోట పగిలింది. మెడ దగ్గర అతుకు విడిపోయింది; ఎప్పుడో ఎవరో దాని మీద సీసం ముద్దలుగా పోసి వదిలేశారు. అంతకుముందు నగరంలోని ఒక దుకాణంలో మెరుగు యంత్రం మీద పెట్టి తోమడం వల్ల మెడ భాగంలో రేకు పలచబడింది కూడా. గ్రామఫోనులో విద్యుత్తు లేదు. సౌండుబాక్సులోని చిన్న పలుచని బిళ్ళ కదలికను, క్రమంగా వెడల్పయ్యే బాకా ఒక్కటే గదిలోని గాలికి అందించాలి. అతుకు విడిపోయిన చోట రేకు అంచులు ఒకదానికొకటి తగిలి, పాట పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా జరజరమనే చప్పుడు వచ్చేది. కాబట్టి నేను కోరింది అందం కాదు, నిశ్శబ్దంగా ఉండే అతుకు.

కార్ఖానాలోని పెద్దాయన బాకాను ముందు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు, తరువాత వేలిగోటితో చుట్టూ తట్టి విన్నారు. పని ఆ తరువాతే మొదలైంది. పాత సీసాన్ని సన్నని సెగతో కరిగించి తుడిచారు. దెబ్బలు తిని గట్టిపడిన ఇత్తడిని అలాగే కొడితే చీలుతుంది గనుక, సొట్ట ఉన్న భాగాన్ని మాత్రం కాచి మెత్తబరిచి, లోపల గుండ్రటి తల గల ఇనుప దిమ్మెను ఆనించి, బయటినుంచి కొయ్య సుత్తితో సొట్ట అంచు నుంచి మధ్యకు చిన్న చిన్న దెబ్బలతో వచ్చారు. నేరుగా మధ్యలో కొడితే రేకు సాగి, సొట్ట పోయినా ఉబ్బు మిగులుతుందని ఆయన చేతులే చెప్పాయి. పగులు చివర సన్నని రంధ్రం వేసి అది పాకకుండా ఆపి, లోపలివైపు పలుచని ఇత్తడి పట్టీ అతికించారు. అతుకుకు తగరం, సీసం కలిసిన మెత్తని టంకమే వాడారు. అది 190 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది; ఇత్తడి కరగడానికి 900 డిగ్రీలు దాటాలి. అందువల్ల రేకు గట్టిదనం పోకుండా అతుకు పడింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన నిరాకరించిన పని. అద్దంలా మెరిపించమని అడిగితే ఒప్పుకోలేదు. "మెరుపు తెచ్చుడు అల్కటి పనే సార్, గీకితే పోయిన ఇత్తడి మల్లా రాదు" అన్నారు. పచ్చటి చిలుమును మాత్రం తీసి, వందేళ్ళ గోధుమ రంగును అలాగే ఉంచారు. ఇళ్ళల్లో చేసినట్టు చింతపండు పట్టించి చాలాసేపు వదిలేస్తే పైపొరలో జింకు పోయి ఎర్రటి మచ్చలు పడతాయి. బాకాలకు ఆ పద్ధతి వద్దు.

లోపం ఒకటి ఉంది, చిన్నది కాదు. టంకం పట్టడానికి వారు వాడే నవాసారాన్ని సరిగ్గా కడగలేదు. ఇంటికి తెచ్చాక కొంతకాలానికి అతుకు వెంట పచ్చగా చిలుము పట్టింది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడు, ఇత్తడికి అమ్మోనియా పడదు. బ్రిటిషు కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే పగిలేవి. తేమ, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఆ పగుళ్ళు తెస్తాయని 1921లో ఇంగ్లండులో పరిశోధకులు వివరించారు. మడిచిన అంచున్న బాకాలోనూ అటువంటి ఒత్తిడి ఉంటుంది. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పలుచగా మైనం పూశాక చిలుము ఆగింది. మీరు ఇక్కడ పని చేయించుకుంటే, మీ ఎదుటే కడగమని తప్పక అడగండి. అమ్మోనియా కలిసిన మెరుగు ద్రావణాలు కూడా వాడకండి.

బాకాను యంత్రానికి కలిపే వంపు గొట్టం పని వారికి అలవాటు లేదు. బిగింపు కొంచెం వదులుగా వచ్చింది, దానిని గ్రామఫోను మెకానిక్కు చేతనే సరిచేయించాను. ఒప్పుకున్న గడువుకు పని కాలేదు, అంచనా కాగితం మీద ఇవ్వరు. గుడి పనులు వచ్చే పండుగ రోజుల ముందు వెళ్ళకపోవడం మంచిది. అతుకు గీత బయటికి కనిపిస్తుంది గాని, దానిని దాచే ప్రయత్నం చేయకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

పాతవని అమ్ముతున్న ఇత్తడి బాకాలలో కొత్తగా చేసి చిలుము పట్టించినవి చాలా ఉన్నాయి. అటువంటిదైతే ఇంత శ్రమ అనవసరం, కొత్త బాకా కొనుక్కోవచ్చు. నిజమైన పాత బాకా ఉండి, అది పలకాలని కోరుకునేవారు మాత్రం పెంబర్తికి తీసుకువెళ్ళవచ్చు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులలో గట్టిగా పలికే నాదస్వరం ఒకటి వెంట తీసుకెళ్ళి, డబ్బు ఇచ్చేముందు అక్కడే యంత్రం మీద పెట్టి వినండి. అతుకు నిలిచిందో లేదో అప్పుడే తెలుస్తుంది.