వాసన రిసెప్టర్‌కు నేరు యాంటీబాడీనా, ట్యాగ్ యాంటీబాడీనా?

మా ల్యాబ్ బెంగళూరులో, హెబ్బాళ్ దాటాక ఉంటుంది. కొత్తగా చేరిన ఒంగోలు తమ్ముడు మొన్న క్యాటలాగ్ పట్టుకొచ్చాడు. "అక్కా, మన రిసెప్టర్‌కు నేరుగా యాంటీబాడీయే అమ్ముతున్నారు. ఈ ట్యాగ్ గోలంతా ఎందుకు?" మూడేళ్ల కిందట నేనూ ఇదే అడిగాను. యాంటీబాడీ అంటే ఒక ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే మరో ప్రోటీన్. నేరుది రిసెప్టర్‌నే పట్టుకుంటుంది, ట్యాగ్‌ది మనం రిసెప్టర్‌కు అతికించిన గుర్తు ముక్కను పట్టుకుంటుంది.

వాసన రిసెప్టర్లంటే ముక్కులో వాసనను పట్టే ప్రోటీన్లు. 1991లో శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ బయటపెట్టిన కుటుంబం ఇది. మనిషిలో పనిచేసేవి దాదాపు 400. అన్నీ కణం పొరను ఏడుసార్లు దాటే ప్రోటీన్లే, ఒకే ఇంటి పోలికలు. చిక్కంతా అక్కడే. రిసెప్టర్‌లోని చిన్న పెప్టైడ్ ముక్కను కుందేలుకు ఎక్కించి తీసిన పాలీక్లోనల్ (పలు రకాల యాంటీబాడీల మిశ్రమం), అసలుదాంతోపాటు పక్కింటివాళ్లనూ పట్టుకుంటుంది. కొన్ని సీసాల పేరులోనే రెండు మూడు రిసెప్టర్ల నంబర్లుంటాయి!

నేను తెప్పించింది అలాంటిదే. రిసెప్టర్ పెట్టిన హెక్ కణాల్లోనూ (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు), ఏమీ పెట్టని కణాల్లోనూ ఒకటే బ్యాండ్, అంటే యాంటీబాడీ ప్రోటీన్‌ను పట్టిన చోట కనిపించే గీత. అమ్మినవాళ్లను అడిగితే, బ్లాకింగ్ పెప్టైడ్ (కుందేలుకు ఎక్కించిన అదే ముక్క) కలిపితే బ్యాండ్ పోతుంది కదా అన్నారు. పోతుంది మరి. ఆ పెప్టైడ్ యాంటీబాడీ చేతులు కట్టేస్తుంది. అంతకుముందు ఆ చేతులు ఎవర్ని పట్టుకున్నాయో మాత్రం చెప్పదు.

మోనోక్లోనల్ (ఒకే చోటును పట్టే ఒకే రకం యాంటీబాడీ) అయితే లాట్ మారినా నిలకడగా ఉంటుంది. కానీ అది పట్టే చోటు నాలుగు రిసెప్టర్లలో ఒకేలా ఉంటే చేసేదేమీ లేదు.

ట్యాగ్ సంగతి వేరు. రిసెప్టర్ మొదట్లో రొడాప్సిన్ (కంటిలో వెలుతురును పట్టే ప్రోటీన్) నుంచి తెచ్చిన 20 అమైనో ఆమ్లాల ముక్క అతికిస్తాం. దాన్ని పట్టడానికి 4డీ2 అనే మోనోక్లోనల్ ఉంది. ఈ రిసెప్టర్లకున్న పెద్ద జబ్బు కణం లోపలే చిక్కుకుపోవడం. అందుకే వాటిని పైకి చేర్చడానికి సాయపడే ఆర్‌టీపీ1ఎస్ అనే ప్రోటీన్‌ను తోడిచ్చి పంపుతాం. ట్యాగ్ పొర బయటికి ఉంటుంది కాబట్టి, బతికున్న కణాలకే యాంటీబాడీ వేస్తే పైకి చేరినవి మాత్రమే వెలుగుతాయి. లోపలి లూప్‌ను పట్టే నేరు యాంటీబాడీతో ఈ పని జరగదు. కణాల్లో పనికైతే నా ఓటు ట్యాగ్‌కే.

ముక్కు కణజాలంలో ట్యాగ్ ఎక్కణ్నుంచి వస్తుంది? అక్కడ నేను ముందు ఆర్‌ఎన్‌ఏ ప్రోబ్‌నే (ప్రోటీన్‌ను కాక ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏను పట్టేది) నమ్ముతాను. నేరు యాంటీబాడీ తప్పదంటే, ఆ జన్యువు తీసేసిన కణాల్లో బ్యాండ్ మాయమవుతుందో లేదో చూడాలి. సాధారణంగా ఒక్కో నాడీకణానిది ఒక్కటే రిసెప్టర్. స్లైడ్ మీద అక్కడొకటి ఇక్కడొకటి మెరవాలి. దీపావళిలా అన్నీ వెలిగితే ఆ యాంటీబాడీ అబద్ధం చెబుతున్నట్టే.

ఏది కొన్నా శాంపిల్‌ను 95 డిగ్రీల్లో మరిగించొద్దని తమ్ముడికి రెండుసార్లు చెప్పాను. రిసెప్టర్ ముద్దకట్టి, ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్‌లోకి దిగకుండా పైనే కూర్చుంటుంది.

వాడు ట్యాగ్ యాంటీబాడీకే ఆర్డర్ పెట్టాడు. నా పాత పాలీక్లోనల్ ఇంకా మైనస్ 20లోనే ఉంది, సగం సీసా.